తెర మీద తగలలేదు, మెషిన్ మీద తగిలింది

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ పారిశ్రామిక వాడల్లో సీఎన్‌సీ మెషిన్ ఉన్న షెడ్డు ఏదైనా సరే, అందులో ఒక వాదన నడుస్తూ ఉంటుంది. ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాం తయారుచేసేవాళ్లది ఒక పక్షం. మెషిన్ ముందు నిలబడి టూల్ కట్టి, జాబ్ బిగించి, మొదటి పీసు తీసే సెట్టర్లది ఇంకో పక్షం. లోహం కోయకముందే పని మొత్తాన్నీ తెర మీద నడిపి చూపించే వెరిఫికేషన్ సాఫ్ట్‌వేర్ కొనాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ వాదన ముదురుతుంది. రెండు పక్షాలనూ ఇక్కడ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ప్రోగ్రామర్ టూల్ డిజైన్ డిప్లొమా చదివి వచ్చిన అమ్మాయి. సెట్టర్ మామూలు లేత్ మీద పని నేర్చుకుని సీఎన్‌సీకి వచ్చిన పెద్దాయన. ఇద్దరి మాటకీ విలువుందని నమ్మి రాస్తున్నాను.

సెట్టర్: ఆ సాఫ్ట్‌వేర్ కొందామా అని ఓనర్ గారు నన్ను అడిగారమ్మా. వద్దని చెప్పాను. నీ వెనకాల అనడం నాకు నచ్చదు, అందుకే నీకే చెబుతున్నా. ఇప్పుడున్న క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేషన్ ఉంది కదా. దాని మీద మళ్లీ ఇంకోటి దేనికి? ఆ డబ్బుతో మంచి హోల్డర్లు వస్తాయి, మెషిన్‌కి ఒక ప్రోబ్ వస్తుంది.

ప్రోగ్రామర్: మన క్యామ్‌లో సిమ్యులేషన్ చూసేది వేరు, మెషిన్ చదివేది వేరు బాబాయ్. నేను టూల్‌పాత్ గీసినప్పుడు టూల్ కొన ఎక్కడెక్కడికి వెళ్లాలో క్యామ్ ముందు తన సొంత భాషలో రాసుకుంటుంది. తెర మీద కదిలేది దాని ప్రకారమే. తర్వాత పోస్ట్ ప్రాసెసర్ అనే ఇంకో ప్రోగ్రాం దాన్ని మన కంట్రోలర్‌కి అర్థమయ్యే జీ-కోడ్‌గా మారుస్తుంది. మీ దగ్గరికి వచ్చేది ఆ జీ-కోడ్. మార్పిడిలో తప్పు దొర్లితే క్యామ్ తెర మీద జాడ కూడా ఉండదు. నేను కొనమంటున్నది పోస్ట్ అయ్యాక వచ్చిన జీ-కోడ్‌ని ఒక్కో లైనూ మన మెషిన్ చదివినట్టే చదివి నడిపే సాఫ్ట్‌వేర్. అమెరికాలో సీజీటెక్ సంస్థ 1988 నుంచీ వెరికట్ పేరుతో చేస్తున్నది ఇదే పని.

సెట్టర్: మార్పిడిలో తప్పంటే ఎలాంటిది? ఒకటి చెప్పు, చూద్దాం.

ప్రోగ్రామర్: పొడుగాటి ప్లేటు, వరసగా ఆరు రంధ్రాలు. మూడో రంధ్రానికీ నాలుగోదానికీ మధ్య క్లాంప్. ప్లేటు మీద నుంచి 25 మిల్లీమీటర్లు లేచి ఉంది. డ్రిల్లింగ్ సైకిల్ జీ83. ఒక్కో రంధ్రం అయ్యాక డ్రిల్ ఎంత ఎత్తుకి లేవాలో దాంతోపాటు ఇచ్చే కోడ్ చెబుతుంది. జీ98 అయితే మొదట బయల్దేరిన ఎత్తుకి, 50 అనుకోండి, అక్కడికి లేస్తుంది. జీ99 అయితే ఆర్ ప్లేన్ వరకే, అంటే ప్లేటుకి 3 మిల్లీమీటర్ల పైకి. నేను క్యామ్‌లో పూర్తిగా లేవమనే పెట్టాను, తెర మీద అలాగే లేచింది. పోస్ట్‌లో మాత్రం ఎవరో ఎప్పుడో జీ99 అని శాశ్వతంగా రాసి వదిలేశారు. మెషిన్ మీద మూడో రంధ్రం అయ్యాక డ్రిల్ 3 మిల్లీమీటర్లే లేచి, రాపిడ్‌లో, అంటే కోత లేని పూర్తి వేగంతో, నాలుగో రంధ్రానికి దూకుతుంది. దారిలో క్లాంప్ ఉంది.

సెట్టర్: అది నేను పట్టుకుంటాను. ప్రోగ్రాం రాగానే సైకిల్ లైన్లన్నీ చూస్తా. తర్వాత జెడ్ ఆఫ్‌సెట్ 100 మిల్లీమీటర్లు పైకెత్తి గాలిలో ఒకసారి నడుపుతా. ఆ తర్వాత రాపిడ్ తగ్గించి, సింగిల్ బ్లాక్ పెట్టి, ఫీడ్ ఓవర్‌రైడ్ మీద చెయ్యి ఉంచి, ఇంకా ఎంత దూరం పోవాలో చూపించే లెక్క కంట్రోలర్ తెర మీద పెట్టుకుని ఒక్కో లైనూ వదులుతా. జాబ్‌కి 20 దూరంలో ఉన్న టూల్‌కి ఇంకా 60 కిందికి పోవాలని కంట్రోలర్ చూపిస్తే ఆఫ్‌సెట్ తప్పని నాకు అక్కడే తెలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ లేని రోజుల్లో మెషిన్లు ఇలాగే నడిచాయి, స్పిండిళ్లు నిలిచాయి.

ప్రోగ్రామర్: 60 లైన్ల ప్రోగ్రాం అయితే మీ పద్ధతికి తిరుగులేదు. ప్లాస్టిక్ మౌల్డ్ ఫినిషింగ్ ప్రోగ్రాం రెండు లక్షల లైన్లుంటుంది బాబాయ్. దాన్ని సింగిల్ బ్లాక్‌లో ఎవరు వదలగలరు? గాలిలో నడిపినా, 100 పైన ఉన్న టూల్ దేనికీ తగలదు. కింద ఉంటే తగిలేదా అని మీరు మనసులోనే ఊహించుకోవాలి. ఇక చెయ్యి మాట చెబుతాను. రాపిడ్ నిమిషానికి 36 మీటర్లు అంటే సెకనుకి 600 మిల్లీమీటర్లు. కన్ను చూసి, చెయ్యి కదిలి, బటన్ నొక్కేసరికి పావు సెకను పట్టిందనుకున్నా టూల్ 150 మిల్లీమీటర్లు వెళ్లిపోతుంది. మన మెషిన్‌లో టూల్‌కీ క్లాంప్‌కీ మధ్య అంత దూరం ఎప్పుడుంది? రాపిడ్ పూర్తిగా వదిలాక ఎమర్జెన్సీ స్టాప్ నొక్కడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

సెట్టర్: సరే, లెక్క ఒప్పుకున్నా. ఇప్పుడు నేనొకటి అడుగుతా. నువ్వు చెప్పిన ఆరు రంధ్రాల ప్లేటులో క్లాంప్ నీ తెర మీద ఉందా? దాన్ని అక్కడ బిగించింది నేను. నువ్వు ప్రోగ్రాం చేసిన రోజున అది డ్రాయింగ్‌లో లేదు. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా లేని క్లాంప్‌కి డ్రిల్ తగలదు. అంతా సరిగ్గా ఉందని పచ్చరంగు చూపించి ఊరుకుంటుంది. ఇంకోటి. టూల్ హోల్డర్ నుంచి 40 మిల్లీమీటర్లు బయటికి ఉండాలని నువ్వు సెటప్ షీటులో రాస్తావు. కొల్లెట్‌లో పట్టు చాలదనిపిస్తే నేను ఇంకొంచెం లోపలికి నెట్టి 32కి బిగిస్తా. పాకెట్ లోతు 35. నీ తెర మీద హోల్డర్ గోడకి 5 పైన ఉంటుంది. ఇక్కడ 3 మిల్లీమీటర్లు గోడలోకి దిగుతుంది. తప్పు పోస్ట్‌లో లేదు, జీ-కోడ్‌లో లేదు. నీకూ నాకూ మధ్య ఉంది.

ప్రోగ్రామర్: ఆ 32 సంగతి నాకు ఎందుకు చెప్పలేదు?

సెట్టర్: నువ్వు ఎప్పుడడిగావు? సెటప్ షీటు ఆఫీసు నుంచి షాప్‌లోకి వస్తుంది. షాప్ నుంచి ఆఫీసుకి వెళ్లే కాగితం ఏదీ ఇంతవరకూ పుట్టలేదు.

ప్రోగ్రామర్: ఆ మాట నిజమే. సాఫ్ట్‌వేర్‌కి మనం చెప్పింది తప్ప ఇంకేమీ తెలియదు. హోల్డర్ కొలత, క్లాంప్ ఎత్తు, వైస్ దవడ, మెషిన్ డోర్ ఎక్కడుంది, ఏ యాక్సిస్ ఎంత దూరం పోతుంది, ఇవన్నీ ఎవరో ఒకరు కొలిచి పెట్టాలి. కానీ బాబాయ్, కొలవడం మానేశామని కొలబద్దని తప్పుపడతామా? మీరు చెప్పిన హోల్డర్ దెబ్బ మీ సింగిల్ బ్లాక్‌కి కూడా అందదు. హోల్డర్ గోడని రాసుకునేది ముప్పై నిమిషాల రఫింగ్ తర్వాత, పాకెట్ అడుగున, కూలెంట్ మధ్యలో. అక్కడ కంటికి ఏం కనిపిస్తుంది? 32 అన్న అంకె తెర మీదికి వచ్చి ఉంటే ఆ సంగతి ముందు రోజే తెలిసేది.

సెట్టర్: అంకెలన్నీ తెచ్చి ఇచ్చినా నీ తెర మెషిన్‌లా నడవదమ్మా. రాపిడ్‌కి ఇచ్చే కోడ్ జీ00 సంగతే తీసుకో. ఎక్స్‌లో 300, వై‌లో 100 పొమ్మన్నావు. నీ తెర మీద టూల్ ఏటవాలుగా ఒకే గీతలో పోతుంది. మన పాత మెషిన్ అలా పోదు. రెండు యాక్సిస్‌లూ చెరొక పూర్తి వేగంతో బయల్దేరతాయి. 100 దాకా 45 డిగ్రీల్లో పోయి, వై పని అయిపోయాక మిగిలిన 200 ఎక్స్ ఒక్కటే పోతుంది. దారి మోకాలులా వంగుతుంది. నీ నేరు గీత మీద క్లాంప్ లేదు, వంగిన దారి మీద ఉంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ప్రోగ్రామర్: అది కంట్రోలర్‌లో ఒక పారామీటర్ మీద ఆధారపడుతుంది. నేరుగా పోవాలా, ఎవరి వేగంతో వాళ్లు పోవాలా అని అక్కడ పెట్టుకోవచ్చు. మంచి వెరిఫికేషన్ సాఫ్ట్‌వేర్‌లో కూడా అదే పెట్టొచ్చు. మన మూడు మెషిన్లలో ఏది ఎలా ఉందో తెలిస్తే చాలు.

సెట్టర్: రెండు పాతవి వంగి పోతాయి. కొత్తది నేరుగా పోతుంది.

ప్రోగ్రామర్: చూశారా? అది మెషిన్ కంపెనీ ఇచ్చిన మోడల్‌లో రాదు, నేను చదివిన పాఠంలో లేదు. మీకు తెలుసు. నా వాదన ఇక్కడే ఉంది బాబాయ్. మీకు తెలిసింది మీ తలలోనే ఉన్నంతకాలం మీరు లేని నైట్ షిఫ్టులో అది ఎవరినీ కాపాడదు. సాఫ్ట్‌వేర్‌లో పెడితే ఆ మెషిన్ మీద వెళ్లే ప్రతి ప్రోగ్రాంకీ కాపలా ఉంటుంది. దశాంశ చుక్క సంగతి కూడా ఇలాంటిదే. మన ఫానుక్ కంట్రోలర్ సెట్టింగ్‌లో ఎక్స్ పక్కన 10 కొట్టి చుక్క పెట్టకపోతే దాన్ని 10 మైక్రాన్లుగా తీసుకుంటుంది, మిల్లీమీటర్‌లో నూరో వంతు. చుక్క పెడితేనే 10 మిల్లీమీటర్లు. పోస్ట్ నుంచి వచ్చిన ప్రోగ్రాంలో చుక్కలన్నీ ఉంటాయి. అర్ధరాత్రి ఎవరో మెషిన్ దగ్గర ఒక లైను దిద్దుతారు, చుక్క మరిచిపోతారు. పక్కకి 10 మిల్లీమీటర్లు జరిగి లేవాల్సిన టూల్ ఉన్నచోటే లేచి, రీమింగ్ అయిన రంధ్రం గోడని గీరేస్తుంది. దిద్దిన ప్రోగ్రాం మళ్లీ నా దగ్గరికి వస్తే ఒక్క నిమిషంలో దొరుకుతుంది.

సెట్టర్: మెషిన్ దగ్గర దిద్దకుండా ఉండాలంటే నీ ప్రోగ్రాం దిద్దక్కర్లేకుండా రావాలి. మేము ఊరికే దిద్దం. టూల్ అరుస్తుంటే ఫీడ్ తగ్గిస్తాం. గోడ వాలుతుంటే ఇంకో ఫినిషింగ్ కట్ వేస్తాం. నీ తెర మీద టూల్ వంగదు. నిజంలో వంగుతుంది. హోల్డర్ బయట 30 ఉన్న టూల్‌ని 60కి లాగితే అదే బలానికి ఎన్ని రెట్లు వంగుతుందో నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు.

ప్రోగ్రామర్: ఎనిమిది రెట్లు. వంపు పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది.

సెట్టర్: ఆ ఎనిమిది రెట్లు నాకు చెవిలో వినిపిస్తుంది, తెర మీద కనిపించదు. అల్యూమినియం సంగతి చెప్పనా? 6061 ప్లేటు ఒకటి తెచ్చి, నాలుగు వంతుల్లో మూడు వంతులు తవ్వేసి పల్చటి గోడలు మిగిల్చాం. వైస్‌లో ఉన్నంతసేపూ డయల్ పెడితే సూటిగా ఉంది. విప్పగానే విల్లులా వంగింది. లోపలి ఒత్తిడి బయటికి వచ్చింది. అదే గ్రేడు టీ651 ప్లేటు తెస్తే అంత గొడవ ఉండదు, ఎందుకంటే దాన్ని ముందే సాగదీసి ఆ ఒత్తిడి తీసేస్తారు. ఇక ఎండాకాలం. మే నెలలో షెడ్డులో 38 డిగ్రీలు. కొలతలకి ప్రపంచమంతా పెట్టుకున్న ఉష్ణోగ్రత 20. ఆ తేడాకి 300 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క 0.12 మిల్లీమీటర్ల పైనే పెరుగుతుంది. మనకి డ్రాయింగ్‌లో ఇచ్చిన టాలరెన్స్ అందులో సగం కూడా ఉండదు. నీ తెరకి చెమట పట్టదమ్మా.

ప్రోగ్రామర్: జామెట్రీ చూసే సిమ్యులేషన్‌కి ఇవేవీ కనిపించవు, ఒప్పుకుంటాను. తగిలిందా లేదా, ఎక్కువ కోసిందా తక్కువ కోసిందా అన్నంతవరకే దాని పని. కానీ కోత బలం విషయంలో సాఫ్ట్‌వేర్ మీ చెవి కంటే ముందు పలుకుతుంది. పాకెట్ మూల చూడండి. 10 మిల్లీమీటర్ల ఎండ్‌మిల్‌తో, సగం వ్యాసం పక్క కోతతో, పాత పద్ధతిలో గోడ వెంబడి పోతున్నాం. నేరు గోడ మీద టూల్ చుట్టుకొలతలో 90 డిగ్రీలు లోహంలో ఉంటుంది. చదరపు మూలలోకి రాగానే అది 180కి పెరుగుతుంది. అరుపు వచ్చేది అక్కడే, టూల్ అంచు పగిలేది అక్కడే. మీరు ఓవర్‌రైడ్ తిప్పి ఫీడ్ తగ్గిస్తారు. పాకెట్‌కి నాలుగు మూలలు, ఇరవై లేయర్లు. ప్రతి మూలకీ చెయ్యి తిప్పుతూ షిఫ్టంతా నిలబడగలరా?

సెట్టర్: నిలబడ్డ రోజులున్నాయి. దానికి నీ దగ్గర మందేమిటి?

ప్రోగ్రామర్: టూల్ లోహంలో ఉండే కోణాన్ని పెరగనివ్వని టూల్‌పాత్. పక్క కోత వ్యాసంలో పదో వంతు అనుకోండి. టూల్ 37 డిగ్రీలే లోహంలో ఉంటుంది. మూల వస్తే సాఫ్ట్‌వేర్ దారిని గుండ్రంగా, చిన్న చిన్న సుళ్లుగా మలిచి ఆ 37ని దాటనివ్వదు. పక్క కోత అంత తక్కువైతే చిప్ పల్చబడి, పంటికి ఇచ్చిన ఫీడులో 60 శాతం మందమే వస్తుంది. అందుకని ఫీడ్‌ని 1.67 రెట్లు పెంచినా పంటి మీద పడే చిప్ మందం మొదట అనుకున్నంతే. లోతు మాత్రం ఒకేసారి పూర్తిగా దింపొచ్చు, టూల్ అంచు మొత్తం సమంగా అరుగుతుంది. ఈ దారిని చేత్తో ఎవరూ రాయలేరు. అందులో వేల లైన్లుంటాయి. మన స్టీల్ జాబ్‌కి ఆ పద్ధతి పెట్టాక మెషిన్ అరవడం మానేసిందని మీరే అన్నారు.

సెట్టర్: అన్నాను, కాదనను. ఆ జాబ్‌లో చిప్స్ రంగు చూసి ఆ రోజే నీకు చెప్పాను, ఇంకొంచెం ఫీడ్ పెంచొచ్చని. నువ్వు పెంచావు. ఆ రంగు చూసింది ఎవరు?

ప్రోగ్రామర్: మీరే.

సెట్టర్: ఇప్పుడు అసలు భయం చెబుతా విను. ఈ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఓనర్ గారికి ఒక ఆలోచన వస్తుంది. తెర మీద అంతా సరిగ్గా ఉందని తేలిపోతే షాప్‌లో సెట్టర్ ఎందుకు, సైకిల్ స్టార్ట్ నొక్కే కుర్రాడు చాలు అని. ప్రాగా టూల్స్‌లో, హెచ్‌ఎంటీలో నేర్చుకున్నవాళ్ల దగ్గర నేను పని నేర్చుకున్నా. గీరి చదును చెయ్యడం, గేజ్ పట్టుకుని వేలితో తేడా చెప్పడం వాళ్లు నేర్పారు. ఆ నైపుణ్యానికి జీతం ఉండేది. తెర ఆ నైపుణ్యాన్ని తీసుకుని, మనిషికి బటన్ మిగులుస్తుంది.

ప్రోగ్రామర్: ఆ భయం ఈ మెషిన్లు పుట్టినప్పటిదే బాబాయ్. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కలు చేసేవాడు. రెక్క వంపు సరిగ్గా రావాలని దాని మీద 200 బిందువులు పంచ్ కార్డు మెషిన్‌తో లెక్క కట్టించాడు. ఒక మనిషి అంకెలు చదువుతుంటే ఇద్దరు పనివాళ్లు చెరొక హ్యాండిల్ తిప్పేవారు. ఆ తిప్పడం కూడా మెషిన్‌కే అప్పగిద్దామని 1949లో ఎయిర్‌ఫోర్స్ డబ్బుతో పని మొదలుపెట్టాడు. ఎంఐటీ వాళ్లు 1952లో పంచ్ టేపుతో నడిచే మిల్లింగ్ మెషిన్ చూపించారు. 1959లో డగ్లస్ రాస్ బృందం ఏపీటీ అనే ప్రోగ్రామింగ్ భాషని లోకానికి ప్రకటించింది. దాంతో కోసిన అల్యూమినియం యాష్‌ట్రేలు విలేకరులకి పంచారు. టూల్ దారి ఒక ఫైలుగా, దాన్ని ఒక్కో మెషిన్‌కి మార్చే పోస్ట్ ప్రాసెసర్ వేరుగా ఉండటం ఆ భాషతో స్థిరపడింది. మీరూ నేనూ పొద్దున్నుంచీ తగువులాడుకుంటున్న ఖాళీ అప్పటిది.

సెట్టర్: చెరొక హ్యాండిల్ తిప్పిన ఆ ఇద్దరూ ఏమయ్యారో ఆ చరిత్రలో రాశారా?

ప్రోగ్రామర్: వాళ్ల గురించి నాకు ఎక్కడా దొరకలేదు. కానీ అదే కాలంలో ఇంకో దారి కూడా ఉండేది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ రికార్డ్-ప్లేబ్యాక్ అని ఒకటి చేసింది. అనుభవమున్న మెషినిస్టు మొదటి పీసు చేత్తో చేస్తాడు, ఆయన కదలికలు టేపు మీద రికార్డవుతాయి, తర్వాతి పీసులు మెషిన్ ఆ టేపుతో తనే చేస్తుంది. అంటే ప్రోగ్రాం రాసేది పనివాడే. ఆ దారి నిలవలేదు. డేవిడ్ నోబుల్ అనే చరిత్రకారుడు 1984లో ‘ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్’ పుస్తకంలో దీని మీద గట్టిగా వాదించాడు. యాజమాన్యాలు పని మీద అధికారాన్ని షాప్ నుంచి ఆఫీసుకి తెచ్చుకోవాలనుకోవడం కూడా ఆ ఎంపికకి ఒక కారణమని.

సెట్టర్: ఆయన ఎవరో గానీ నా మాటే రాశాడు.

ప్రోగ్రామర్: కొంతవరకే బాబాయ్. చేత్తో చేసింది రికార్డు చెయ్యాలంటే అది చేత్తో చెయ్యగలిగిందై ఉండాలి. రెండు వైపులా వంపు తిరిగిన విమానం భాగాన్ని ఐదు యాక్సిస్‌లూ ఒకేసారి కదిపి చేత్తో ఎవరు కోస్తారు? మన దగ్గర ఆదిబట్లలో హెలికాప్టర్, విమాన భాగాలు తయారవుతున్నాయి. మన షెడ్డుకి కూడా అలాంటి ఆర్డరు వస్తుందని ఓనర్ గారి ఆశ. ఐదు యాక్సిస్‌ల మెషిన్‌లో టూల్ కొన ఒకచోటే నిలబడ్డట్టు ఉంటుంది, టేబుల్ మాత్రం గిర్రున తిరిగి స్పిండిల్ వైపు వచ్చేస్తుంది. ఏ మూల దేనికి తగులుతుందో కంటి ఊహకి అందదు. అక్కడ వెరిఫికేషన్ లేకుండా సైకిల్ స్టార్ట్ నొక్కమని నేను ఎవరికీ చెప్పను. మీకు అసలే చెప్పను.

సెట్టర్: ఐదు యాక్సిస్‌లకి నేనూ ఒప్పుకుంటా. మూడు యాక్సిస్‌లకి ఇంకా ఒప్పుకోలేదు. నేను ప్రోబ్ కొనమన్నా. ప్రోబ్ జాబ్‌ని నిజంగా ముట్టుకుని ఎక్కడుందో చెబుతుంది. నీ తెర ఎక్కడుండాలో చెబుతుంది.

ప్రోగ్రామర్: ప్రోబ్ గొప్పదే. ఇంగ్లండ్‌లో డేవిడ్ మెక్‌మర్ట్రీ కాంకార్డ్ విమానం ఇంజన్‌లోని సన్నటి ఇంధన గొట్టాలు కొలవడానికి దాన్ని కనిపెట్టాడు. 1973లో రెనిషా సంస్థ పుట్టింది ఆ పనిమీదే. కానీ ప్రోబ్ జాబ్ ఎక్కడుందో చెబుతుంది గానీ, నలభై నిమిషాల తర్వాత హోల్డర్ ఎక్కడికి వస్తుందో చెప్పదు. మీ ప్రోబ్ ఇచ్చిన కొలత నా తెర మీదికి వస్తే అప్పుడు రెండూ కలిసి పూర్తి నిజం చెబుతాయి. ఆరో టూల్ దగ్గర టూల్ పొడవుని పిలిచే హెచ్06 బదులు హెచ్05 పడిందా అన్నది నేను కోడ్‌లో చూస్తా. హెచ్06లో ఉన్న అంకె ఆ టూల్ అసలు పొడవేనా అన్నది మీరు కొలుస్తారు. ఈ రెండిట్లో ఏది తప్పినా స్పిండిల్ ఒకేలా గుద్దుకుంటుంది.

సెట్టర్: అయితే ఓనర్ గారికి ఇద్దరం కలిసి ఏం చెబుదాం? నాకు గాలి మాటలు వద్దు. రేపటి నుంచి ఎవరు ఏం చేస్తారో చెప్పు.

ప్రోగ్రామర్: మొదటిది. ప్రోగ్రాం చేసే ముందే సెటప్ షీటు మీ దగ్గర మొదలవ్వాలి. వైస్ ఎక్కడ, క్లాంప్ ఎక్కడ, ఏ హోల్డర్, టూల్ ఎంత బయటికి. మీరు కొలిచి రాస్తారు, నేను దాన్నే తెర మీద పెడతాను. మధ్యలో మీరు ఏది మార్చినా అది నాకు వచ్చేదాకా ఆ ప్రోగ్రాం పరీక్ష జరగనట్టే లెక్క. రెండోది. పోస్ట్ అయిన జీ-కోడ్ వెరిఫికేషన్ కాకుండా ఏ మెషిన్‌లోకీ పోదు. మెషిన్ దగ్గర ఒక్క అక్షరం దిద్దినా ఆ షిఫ్టులోనే వెనక్కి రావాలి.

సెట్టర్: రెండూ ఒప్పుకున్నా. దిద్దింది వెనక్కి వచ్చాక నువ్వు దాన్ని పాత ప్రోగ్రాంతో తుడిచెయ్యకూడదు. ఫీడ్ ఎందుకు తగ్గించామో అడిగి, కారణం రాసి పెట్టాలి. లేకపోతే ఆరు నెలల తర్వాత అదే జాబ్ వచ్చినప్పుడు అదే టూల్ మళ్లీ విరుగుతుంది.

ప్రోగ్రామర్: రాస్తాను. మూడోది. వెరిఫికేషన్ అయిన ప్రోగ్రాంకి సింగిల్ బ్లాక్ అక్కర్లేదు. ప్రతి టూల్ మొదటిసారి జాబ్ దగ్గరికి దిగేటప్పుడు మాత్రం రాపిడ్ తగ్గించి చూడండి, తర్వాత వంద శాతం వదిలేయండి. మొదటి పీసుకే సగం షిఫ్టు పోతే సాఫ్ట్‌వేర్ కొన్న డబ్బు ఎలా వస్తుంది?

సెట్టర్: దీనికి ఒప్పుకోను. మొదటి పీసు నాది. ప్లేటు గట్టిదనం తేడా ఉందేమో, కూలెంట్ సరిగ్గా పడుతోందో లేదో, చిప్ పాకెట్‌లో ఇరుక్కుని టూల్ దాన్నే మళ్లీ కోస్తోందేమో, ఇవన్నీ మొదటి పీసులోనే తెలుస్తాయి. దానికి ఎంతసేపు పడితే అంతసేపు. నీ తెర నాకు అనవసరమైన భయాలు కొన్ని తీసేస్తుంది, అది మంచిదే. అవసరమైన భయం నా దగ్గరే ఉండాలి.

ప్రోగ్రామర్: మీరు చెప్పిన వాటికి ఫీడ్ చూసుకుంటూ నిలబడితే చాలు, లైను లైనుకీ ఆపక్కర్లేదు. ఇది ఇవాళ తేలేలా లేదు. ఓనర్ గారి ముందు కూడా ఇద్దరం రెండు మాటలు చెబుదాం.

సెట్టర్: చెబుదాం. సాఫ్ట్‌వేర్ కొనమని కూడా నేనే చెబుతా, ఒక షరతు మీద. దాంట్లో మన మూడు మెషిన్లనీ మోడల్ చేసేటప్పుడు నేను నీ పక్కన కూర్చుంటా. ఏ మెషిన్ జీ00కి ఎలా వంగుతుంది, ఏ డోర్ ఎంత లోపలికి వస్తుంది, ఏ టేబుల్ చివర ఎంత వదలాలి, అన్నీ చెప్పి పెట్టిస్తా. ఆ గంటలు డ్యూటీ గంటలుగా పుస్తకంలో రాయాలి, జీతం ఇవ్వాలి. నైట్ షిఫ్టు కుర్రాళ్లలో ఒకడు మనతో కూర్చుని అది నేర్చుకోవాలి. బటన్ నొక్కేవాడిగా కాదు, రేపు నా పని అందుకునేవాడిగా.

ప్రోగ్రామర్: ఆ షరతు నా పేరు మీద కూడా రాయండి. ఆ కుర్రాడిని ముందు మామూలు లేత్ మీద నిలబెట్టండి, తర్వాత నా దగ్గరికి పంపండి. మొదటి పీసు సంగతి మాత్రం నేను వదిలిపెట్టను బాబాయ్.

సెట్టర్: వదిలిపెట్టకు. ఆరు రంధ్రాల ప్లేటు ఆర్డరు ఎల్లుండి వస్తుంది. క్లాంప్ ఎక్కడ పెడతానో ఇప్పుడే గీసిస్తా, రా.